తల దించి ఢీకొట్టకండి: అమెరికన్ ఫుట్‌బాల్‌లో చేయవలసినవి, చేయకూడనివి

ఆగస్టు వచ్చిందంటే అమెరికా హైస్కూళ్లలో ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఊపందుకుంటుంది. అక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలు కొందరు కూడా జట్టులో పేరిస్తారు. క్రికెట్ చూస్తూ పెరిగిన అమ్మానాన్నలకు ఈ ఆట ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఎవరు ఎవర్ని ఎక్కడ తాకవచ్చో, ఎప్పుడు తాకకూడదో ఇందులో కచ్చితమైన నియమాలున్నాయి. వాటిలో చాలావరకు ఎవరో ఒకరు గాయపడ్డాక పుట్టినవే. మైదానంలో మరణాలు పెరిగిపోవడంతో 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధుల్ని వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. అందరూ ఒకేచోట గుమిగూడి గుద్దుకోవడం తగ్గాలని మరుసటి ఏడాదే బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. ఈ ఆటలో రూల్స్ తెలియకుండా దిగడం హెల్మెట్ లేకుండా దిగినంత ప్రమాదం.

ముందు ఆట తెలుసుకోండి

జట్టుకు 11 మంది. ఒక గోల్ లైన్ నుంచి రెండోదానికి 100 గజాలు, రెండు చివరలా పదేసి గజాల ఎండ్ జోన్. బంతి ఉన్న జట్టుకు నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు. ఆలోగా 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు. బంతిని ఎదుటి ఎండ్ జోన్‌లోకి చేరిస్తే (టచ్‌డౌన్) 6 పాయింట్లు, దాని తర్వాత కొట్టే కిక్‌కు 1, బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే (ఫీల్డ్ గోల్) 3.

ఒక్కో ప్రయత్నంలో ఆట (ప్లే) కొద్ది సెకన్లే. విజిల్ వినగానే ఆగిపోండి. అప్పటికి ఎదుటివాడు ఒళ్లు వదులు చేసి నిలబడి ఉంటాడు, దెబ్బకు సిద్ధంగా ఉండడు. విజిల్ తర్వాత ఎవర్నీ నెట్టకండి.

మీ స్థానాన్ని బట్టి జాగ్రత్తలూ మారతాయి. ముందు వరుసలో నిలబడే లైన్‌మన్ అయితే చేతులు లోపలికి పెట్టి ఎదుటివాడి ఛాతీ మీద ఆనించి ఆపండి. వెనక నుంచి నెట్టకండి, మోకాళ్ల వెనక భాగంలో పడకండి. బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ దాన్ని విసిరేశాక అతని మీదికి దూకకండి. ఆ క్షణంలో అతను తనను తాను కాపాడుకోలేడు. మీరే క్వార్టర్‌బ్యాక్ అయి పరుగెత్తాల్సి వస్తే, చుట్టుముట్టకముందే కాళ్లు ముందుకు చాపి జారిపోండి. హెల్మెట్‌కున్న ఇనుప ఊచల్ని పట్టి ఎవర్నీ లాగకండి, మెడ మెలితిరుగుతుంది. ఎదుటి జట్టు ఎత్తుగా తన్నిన బంతిని (పంట్) అందుకునేవాళ్లు పైకి చూస్తూ నిలబడతారు, మీదికి ఎవరొస్తున్నారో కనబడదు. కొత్తవాళ్లు ఏమాత్రం అనుమానమున్నా ఒక చెయ్యి తలపైకెత్తి ఊపి ఫెయిర్ క్యాచ్ అడగండి. అలా అడిగినవాణ్ని ఢీకొట్టడం ఫౌల్. అడిగి బంతి పట్టుకున్నాక మీరూ పరుగు తీయకూడదు.

ట్యాకిల్ చేసి పడగొట్టేటప్పుడు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. తల నిటారుగా ఉంటే మెడ సహజంగా కొంచెం వంపు తిరిగి ఉంటుంది, దెబ్బ తగిలితే ఆ వంపు కొంత ఓర్చుకుంటుంది. తల దించగానే వంపు పోయి మెడ కర్రలా తిన్నగా అవుతుంది. నడినెత్తి మీద పడిన బరువంతా నేరుగా మెడ ఎముకల మీదికి దిగుతుంది. గుద్దినవాడికే మెడ విరిగి కాళ్లూ చేతులూ చచ్చుబడిపోవచ్చు. అందుకే 1976లో హైస్కూలు, కాలేజీ ఆటల్లో హెల్మెట్‌తో ముందుగా ఢీకొట్టడాన్ని నిషేధించారు. ఆ తర్వాత అలాంటి గాయాలు బాగా తగ్గాయి.

కాబట్టి కళ్లు పైకి. ఎవర్ని పట్టబోతున్నారో చివరిదాకా చూస్తూ వెళ్లండి. మోకాళ్లు వంచి, తల పక్కకు తప్పించి, భుజం ఆనించి, రెండు చేతులతో చుట్టేసి, కాళ్లు ఆడిస్తూ పడగొట్టండి. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లకూ ఇదే మాట: ఆఖరి గజం కోసం తల దించి దూరకండి.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు గురికావడం) రాదన్న ధీమాతో ఆడకండి. హెల్మెట్ కనుబొమల పైన ఒకటి రెండు వేళ్ల మందం ఖాళీతో బిగుతుగా కూర్చోవాలి, తిప్పితే తలతోపాటే తిరగాలి. గడ్డం పట్టీలన్నీ పెట్టుకోండి, మౌత్‌గార్డ్‌ను నములుతూ బయటికి వేలాడదీయకండి.

తలకు దెబ్బ తగిలితే

తలనొప్పి, కళ్లు మసకబారడం, వికారం, స్కోరెంతో గుర్తురాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల అబ్బాయి దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ ఆడాడు. మెదడులో రక్తస్రావమై ఏళ్ల తరబడి కోలుకోవలసి వచ్చింది. 2009లో అతని పేరుతో వచ్చిన చట్టం ప్రకారం, కంకషన్ అనుమానమున్న విద్యార్థిని వెంటనే తప్పించాలి. అర్హులైన వైద్య నిపుణులు రాసిస్తేనే తిరిగి ఆడించాలి. తర్వాత అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

జట్టులో చోటు పోతుందని దాచిపెట్టకండి. స్నేహితుడు దాస్తున్నట్టు అనిపిస్తే కోచ్‌తో మీరే చెప్పండి, అది చాడీ కాదు. అమ్మానాన్నలూ, "పడుకుంటే తగ్గిపోతుందిలే" అని సర్దిచెప్పకండి.

ఎండతో ఆటలొద్దు

2001 ఆగస్టు 1న ప్రొఫెషనల్ జట్టు మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ శిక్షణ శిబిరంలో వడదెబ్బ తగిలి చనిపోయాడు. అంత బలమైన మనిషినే ఎండ తీసుకుపోయింది. శరీరం వేడికి అలవాటుపడటానికి దాదాపు రెండు వారాలు కావాలి. మొదటి రోజుల్లో హెల్మెట్‌తోనే, తర్వాత భుజాల ప్యాడ్లు, ఆపైన పూర్తి ప్యాడ్లు. సెలవులకు ఇండియా వెళ్లి ఆలస్యంగా వచ్చే పిల్లలు ఈ వరసను దాటేసి నేరుగా పూర్తి ప్యాడ్లతో దిగకండి, మొదటి రోజు నుంచే మొదలుపెడతామని కోచ్‌ను అడగండి. ఉపవాసం ఉన్న రోజైతే ముందే చెప్పండి.

ఎండలో ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా 911కు ఫోన్ చేయించి, అంబులెన్సు వచ్చేలోగా చల్లటి నీళ్ల తొట్టిలో మెడదాకా ముంచి ఉంచాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తరలించడం.

సంతకం పెట్టే ముందు

తల్లిదండ్రులు స్కూలువాళ్లను మూడు విషయాలు అడగండి. ప్రాక్టీసుకు అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా? నీళ్ల తొట్టి, ఐసు సిద్ధంగా ఉంటాయా? గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఎక్కడుంది, అది మైదానానికి ఎన్ని నిమిషాల్లో చేరుతుంది? 2023 జనవరి 2న సిన్సినాటిలో మ్యాచ్ మధ్యలో ప్రొఫెషనల్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగిపోయినప్పుడు, సిబ్బంది మైదానంలోనే సీపీఆర్ చేసి, ఏఈడీ వాడి బతికించారు. స్కూలు మైదానంలోనూ ఆ ఏర్పాటు ఉండాలి. యంత్రం ఆఫీసు గదిలో తాళం వేసి ఉందంటే, దాన్ని మైదానం దగ్గర పెట్టేదాకా అనుమతి ఫారం మీద సంతకం పెట్టకండి.