నెల పట్టకముందే ఒక మాట

అంబాజీపేట,
కార్తిక బహుళ పంచమి.

చిరంజీవి అమ్మడికి,

  

సంక్రాంతి పండక్కి ఈసారి సెలవు దొరకదని, హైదరాబాద్‌లో మీ ఫ్లాట్‌లోనే నెలంతా పద్ధతిగా చేసుకోవాలని ఉందని అన్నావు. చాలా సంతోషం. పెద్దది మూడో తరగతికొచ్చినా గొబ్బెమ్మ అంటే ఏమిటో తెలియదన్నావు, అదీ నేర్పుదాం. నువ్వు పంపిన చీటీ కూడా చూశాను. అరిసెలు, సున్నుండలు, జంతికలు, చేగోడీలు, గవ్వలు, కజ్జికాయలు, పోకుండలు, సకినాలు, బూరెలు. ఏది ఎన్ని కేజీలో రాశావు గానీ, ఎవరు చేస్తారో రాయలేదు. రాయలేదంటే అన్నీ నువ్వే చేస్తావని అర్థం. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మనిషివి. జనవరి 12న మొదలుపెడితే భోగి మంట వేసే వేళకి నువ్వు నడుం పట్టేసి మంచం మీద ఉంటావు.

మన ఇళ్ళలో ఆడవాళ్ళకి సంక్రాంతి అంటే భయం పుట్టిందంటే ఇందుకే. నెల రోజుల పనిని మూడు రోజుల్లోకి కుక్కారు, పదిమంది చేసేదాన్ని ఒక్కదాని నెత్తిన పెట్టారు. పూర్వం ఉమ్మడి ఇళ్ళలో ఇదంతా తేలిగ్గా జరిగిపోయేదని నేను చెప్పను. అప్పుడూ రోకలి పోటు వేసింది ఆడవాళ్ళే. కానీ నలుగురు కలిసి వేసేవారు. నువ్వు పండగని నెలంతా పరుచు, పనిని ఇంట్లో అందరికీ పంచు. నేను చెప్పబోయేదంతా ఆ రెండింటి కోసమే.

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం నెల పడుతుంది. ఆ రోజునుంచి భోగి దాకా గుమ్మం ముందు ముగ్గు ఉండాలి. మీకు వాకిలి లేదు, నాపరాయి పరిచిన వరండా ముక్క ఉంది. చాలు. కళ్ళాపి అక్కర్లేదు, తడిబట్టతో తుడిచి వేసుకో. ఈ పని పూర్తిగా పెద్దదానికి అప్పగించు. పెద్ద రథం ముగ్గుతో మొదలుపెట్టించకు, విసుగొచ్చి మానేస్తుంది. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు పెట్టించు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, అయిదు, నాలుగు వరుసలొస్తాయి. మొత్తం 37 చుక్కలు. లెక్క తప్పితే మెలిక కలవదు, ఎక్కడ తప్పిందో పిల్లే వెతుక్కుంటుంది. నువ్వు చెప్పకు. వారానికో కొత్త ముగ్గు చాలు, మిగతా రోజుల్లో వచ్చిందే వేస్తుంది. రాతిముగ్గు చవక, గీత కూడా తెల్లగా వస్తుంది. అయినా ఆదివారాలు బియ్యప్పిండితో వేయించు, చీమలకి తిండి. రసాయన రంగులు మాత్రం ఇంట్లోకి రానీయకు, చేతులు మండుతాయి, నేల పాడవుతుంది. పసుపు, కుంకుమ, బంతిరేకలు ఉండగా ఆ రంగులెందుకు?

గొబ్బెమ్మలకి పేడ దొరకదని బెంగపడకు. మీ వైపు గోశాలలు ఉన్నాయి కదా, ఆదివారంనాడు అల్లుడుగారు పిల్లల్ని తీసుకెళ్ళి తెస్తారు. రోజూ వద్దు. పళ్ళెంలో అయిదు ఉండలు చేసి, పసుపు కుంకుమ పెట్టి, పైన గుమ్మడిపువ్వు గుచ్చితే అయిపోయింది. గుమ్మడిపువ్వు లేకపోతే బంతిపువ్వు. పేడ ముట్టుకోవడానికి పిల్లలు మొదట మొహం చిట్లిస్తారు, తరవాత చేతులు కడుక్కోమన్నా వినరు. మర్నాడు వాటిని చిన్న పిడకలుగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, బాల్కనీలో ఎండబెట్టించు. నెలాఖరుకి దండ గుచ్చి భోగి మంటలో వేస్తారు. నాలుగు పిడకలు రథసప్తమికి దాచు. ఆరోజు వాటి మీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం పెట్టాలి. చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం చేయడం చిన్నవాడికి అప్పజెప్పు.

పూజల విషయంలో నీకు తోచినట్టే చెయ్యి. తిరుప్పావై 30 పాశురాలు, రోజుకొకటి. తిరుమలలో కూడా ఈ నెల సుప్రభాతం బదులు అదే వినిపిస్తారు. పొద్దున వంట చేసుకుంటూ పెట్టుకుంటే చాలు. కట్టెపొంగలి శనివారాలు వండుకో. మిరియం, జీలకర్ర, అల్లం, నెయ్యి చలికి మంచివి. హరిదాసు మీ ఏడో అంతస్తుకి ఎటూ రాడు. మా వీధికి వచ్చేవాడు కూడా ఇప్పుడు మోటారు సైకిల్ మీద మైకు పెట్టుకునే వస్తున్నాడు. అయినా బియ్యం పోస్తూనే ఉన్నాం.

ఇక వంటలు. చీటీలో సగం కొట్టెయ్. ఇంట్లో చేయవలసినవి నాలుగే: అరిసెలు, సున్నుండలు, సకినాలు, వడియాలు. పూతరేకులు ఇంట్లో ఎవరం చేయం, బోర్లించిన కుండ మీద రేకు తీయడం ఆత్రేయపురం వాళ్ళ చేతి విద్య. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనుక్కో, వాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయి. జంతికలు, గవ్వలు కూడా మీ వీధిలో వండి అమ్మే ఆవిడ దగ్గర తీసుకో. కొన్నావని ఎవరైనా మూతి ముడిస్తే ముడవనీ.

అరిసెల సంగతి వివరంగా రాస్తాను, అందరూ తప్పేది అక్కడే. కేజీ బియ్యానికి ముప్పావు కేజీకి కాస్త తక్కువ బెల్లం. సన్నబియ్యం వద్దు, లావు బియ్యం బాగుంటుంది. ఒక పగలూ రాత్రీ నానబెట్టు, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. వడకట్టి బట్టమీద కాసేపే ఆరనివ్వు. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టాలి, అరచేతికి తడి అంటకూడదు, అదీ గుర్తు. పొడిపిండితో చేస్తే అరిసె చెక్కలా ఉంటుంది. మిక్సీలో కొంచెం కొంచెం వేసి ఆడించి, జల్లించి, గిన్నెలో అదిమి మూత పెట్టు. గాలి తగిలిందా, తడి పోతుంది.

బెల్లం అనకాపల్లిది దొరికితే మంచిదే, కానీ మరీ తెల్లగా మెరిసేది కొనకు. కొంచెం నీళ్ళతో కరగనిచ్చి, ఇసుక లేకుండా వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టు. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం బొట్టు వేసి చూడు. కరిగిపోతే ఇంకా రాలేదు. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి, ఆ క్షణాన దింపెయ్. ఉండ విసిరితే టంగుమని మోగిందంటే ముదిరిపోయింది, అరిసెలు రాళ్ళవుతాయి. లేతగా దింపితే నూనెలో విచ్చిపోతాయి. దింపగానే ఒకరు పిండి జల్లుతూ ఉండాలి, ఇంకొకరు ఆగకుండా కలుపుతూ ఉండాలి. అందుకే అరిసెలు ఒక్క మనిషి వల్ల అయ్యేవి కావు. అల్లుడుగారి భుజాలకి ఆ తెడ్డు ఇవ్వు. నెయ్యి, నువ్వులు చివర్న వెయ్యి. చలిమిడి గోరువెచ్చగా ఉండగానే నిమ్మకాయంత ఉండలు చేసి, నెయ్యి రాసిన ఆకు మీద తట్టి, సన్నటి సెగ మీద వేయించాలి. తీసి చెక్కల మధ్య నొక్కడం పిల్లలు చేస్తామంటారు, వేడినూనె దగ్గరికి మాత్రం రానీయకు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టు, మూడు వారాలు నిలవుంటాయి. అందుకే డిసెంబరు ఆఖరి ఆదివారమే చేసేయమంటున్నాను. పండగ ముందురోజు పొయ్యి దగ్గర కూర్చోవలసిన పని ఉండదు.

సకినాలకి మీ అత్తగారే పెద్ద. నేనిక్కడినుంచి ఏం చెప్పినా తప్పే అవుతుంది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట మీద మునివేళ్ళతో పిండిని మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు తిప్పే నేర్పు మాకు లేదు. ఆవిడ పక్కన కూర్చుని నువ్వు నేర్చుకో. మొదటివి వంకరగానే వస్తాయి. వాళ్ళ వైపు అక్కచెల్లెళ్ళు, ఇరుగుపొరుగు ఒకచోట చేరి చుడతారని విన్నాను. మీ అంతస్తులో ఉన్న నలుగురినీ పిలువు, కబుర్లు చెప్పుకుంటూ ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. భోగినాడు వాళ్ళ పద్ధతిలో నువ్వులద్దిన సజ్జరొట్టె, కనుమనాడు మన పద్ధతిలో మినపగారె. మన పద్ధతి, వాళ్ళ పద్ధతి అని నువ్వు తూకం వేయకు. పిల్లలకి రెండూ వాళ్ళవే.

సున్నుండలు అల్లుడుగారు ఒక్కరే చేయగలరు. మినప్పప్పు సన్నసెగ మీద దోరగా వేయించడమే కిటుకు, తొందరపడితే పచ్చివాసన పోదు. బూడిదగుమ్మడి వడియాలకి మాత్రం ఎండ చూసుకో. ముక్కలు తరిగి ఉప్పు పసుపు కలిపి, రాత్రంతా మూటకట్టి బరువు పెడితే నీరంతా దిగుతుంది. మర్నాడు గట్టిగా రుబ్బిన మినప్పిండిలో పచ్చిమిర్చి ముద్దతో కలిపి మేడమీద పెట్టుకోవాలి. కావలి కాయడానికి మీ పెదనాన్నగారి లాంటి మనిషి ఒకరుంటే మంచిది. కాకుల మీద కోపంతో ఆయన మధ్యాహ్నం నిద్ర కూడా మానేస్తారు.

బొమ్మల కొలువు మూడు మెట్లు చాలు. డబ్బాలు పేర్చి తెల్లపంచె పరుచు. ఒకేసారి సెట్టు మొత్తం కొనకుండా ఏటా ఒక్క బొమ్మ కొనండి, ఏది కొనాలో పిల్లలు తేల్చుకుంటారు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు, అందుకే అంత తేలిక. ముక్కలు అతికేది చింతగింజల జిగురుతో. ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు కర్ర. ఇవి చెప్పి కొనిపెడితే పిల్లలు బొమ్మని విసిరికొట్టరు. మెట్ల కింద పల్లెటూరు కట్టడం వాళ్ళ పని. వారం ముందు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లించు, పండగ నాటికి పచ్చటి చేను అవుతుంది.

పేరంటం గురించి ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. భర్త పోయినవాళ్ళని పిలవకూడదని ఎవరైనా అంటే వినకు. మొదటి పండూ తాంబూలం మీ అత్తగారి చేతిలో పెట్టు. చిన్నవాడికి భోగిపళ్ళు పోసేటప్పుడు మొదటి దోసిలి కూడా ఆవిడే పోయాలి. రేగుపళ్ళు, చెరుకుముక్కలు, నానిన సెనగలు, బంతిరేకలు, చిల్లర డబ్బులు, ఇంతే. చాక్లెట్లు కలపకు. వచ్చినవాళ్ళకి ప్లాస్టిక్ డబ్బాలు పంచకు. నీ పాత చీరల్లో మెత్తటివి చూసి సంచులు కుట్టించి, సెనగలు అందులోనే పోసి ఇవ్వు. మీ పనమ్మాయికి మూడు రోజులూ సెలవిచ్చి, అరిసెల డబ్బా ఆమెకి ముందు కట్టు. ఆమెకీ ఇల్లుంది, పండగుంది.

భోగి మంట మీ అపార్ట్‌మెంటు వాళ్ళంతా కలిసి ఒకటే వెయ్యండి. వార్నిష్ కొట్టిన కుర్చీలూ, ప్లాస్టిక్కూ అందులో పడేయడానికి ఒకాయన తప్పకుండా వస్తాడు. మొహమాటపడకుండా వద్దని చెప్పు. ఇక్కడ కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు కొబ్బరితోటల్లోంచి, చేలల్లోంచి భుజాల మీద వస్తాయి. వచ్చే ఏడాది ఆ సెలవు మాత్రం ఇప్పుడే అడిగి పెట్టుకో. పిల్లలు దాన్ని కళ్ళారా చూడాలి, టీవీలో చూస్తే సరిపోదు. కోడిపందాలకి రమ్మని మీ బాబాయి పిలుస్తాడు, అటు మాత్రం పంపకు.

అరిసెల చెక్కలు, గంధం చెక్క, నాలుగు కొబ్బరికాయలు, గుమ్మానికి కట్టే వరికంకుల కుచ్చు ఒకటి బస్సు పార్శిల్‌లో వేస్తున్నాను. కుచ్చు బాల్కనీలో కట్టు, పిచ్చుకలు రాకపోయినా పావురాలు తింటాయి. బియ్యం నానబోసిన రోజే నాకు ఫోన్ చెయ్యి. మర్నాడు పాకం దగ్గర వీడియో పెట్టు, బొట్టు చూసి ఎప్పుడు దింపాలో నేను చెబుతాను.

పిల్లలకి ముద్దులు. మీ అత్తగారికి నమస్కారాలు. అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ