జర్మనీలో ఇల్లు మారుతున్నారా? ముందు ఇంటర్నెట్ సంగతి చూడండి

అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టగానే మనవాళ్లు సోఫా కోసం, వంటింటి సామాను కోసం వెతుకులాట మొదలుపెడతారు. ఇంటర్నెట్ సంగతి ఇంట్లో దిగాక చూసుకుందాంలే అనుకుంటారు. హైదరాబాద్‌లో అయితే అది నడుస్తుంది. కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తే రేపో మాపో వచ్చి స్తంభం మీంచి తీగ లాగి పోతాడు. జర్మనీలో ఆ పనికే వారాలు పట్టొచ్చు. అందుకే సంతకం పెట్టిన రోజే ఇంటర్నెట్ కంపెనీకి కొత్త చిరునామా, దిగే తేదీ రాసి పంపండి. సోఫా లేకపోతే నేల మీద కూర్చోవచ్చు, సోమవారం పొద్దుటి ఆఫీసు మీటింగ్ మాత్రం ఆగదు.

మీరు ఏ కంపెనీకి డబ్బు కడుతున్నా, డీఎస్ఎల్ అయితే ఇంటిదాకా వచ్చే రాగి తీగ చాలా చోట్ల డాయిచె టెలికోమ్‌దే. లైన్ కలపడానికి వచ్చేది కూడా ఎక్కువగా వాళ్ల తరఫు మనిషే. మీరు కాల్ సెంటర్‌లో ఎంత గట్టిగా అడిగినా "మేమూ ఎదురుచూస్తున్నాం" అనేది అందుకే.

ఆ మనిషి వచ్చి కూడా వెనక్కి పోయే సందర్భాలు బోలెడు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు ఉండటం తక్కువ. గుర్తంతా కాలింగ్ బెల్ మీది పేరే. అక్కడ ఇంకా పాత అద్దెవాళ్ల పేరుంటే టెక్నీషియన్ ఏ బెల్ నొక్కాలి? రౌటర్ పార్సిల్‌దీ అదే గతి. ఓనరు పేరు పలక పెట్టించేదాకా ఆగకండి. కాంట్రాక్ట్‌లో ఉన్న ఇంటిపేరే కాగితం మీద రాసి బెల్‌కూ, పోస్టు డబ్బాకూ అంటించండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారవడం మామూలే కాబట్టి రెండూ రాయడం మేలు.

తరువాత సెల్లార్. బిల్డింగ్‌లోకి లైన్లు వచ్చే పెట్టె చాలా ఇళ్లలో అక్కడే, తాళం వేసిన గదిలో ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో బిల్డింగ్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్‌ని ముందే అడిగిపెట్టుకోండి. ఫ్లాట్ ఏ అంతస్తులో, ఎడమ పక్కా కుడి పక్కా, అంతకుముందు ఎవరుండేవారు అన్నవి కూడా కంపెనీకి చెప్పండి; మీ తీగ ఏదో వెతకడం తేలికవుతుంది. ఇంట్లో టీవీ కేబుల్ సాకెట్ పనిచేస్తుంటే కేబుల్ ఇంటర్నెట్ అడిగి చూడండి. చాలాసార్లు టెక్నీషియన్ అవసరమే రాదు. ఫైబర్ వస్తుందని గుమ్మం దగ్గర సంతకం చేయించుకునే సేల్స్‌మన్ మాట నమ్మి పాత లైన్ మానుకోవద్దు, వీధి ఇంకా తవ్వకపోయి ఉండొచ్చు.

2021 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న టెలికాం చట్టం మీవైపే ఉంది. మీ కంపెనీ కొత్త ఇంట్లోనూ సేవ ఇవ్వగలిగితే పాత కాంట్రాక్టే, అదే గడువుతో కొనసాగాలి. ఇల్లు మారారు కదా అని మళ్లీ 24 నెలలకు సంతకం పెట్టమంటే పెట్టక్కర్లేదు. అక్కడ ఇవ్వలేకపోతే నెల ముందు నోటీసుతో, ఇల్లు వదిలే తేదీకే కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. ఇస్తామన్న అపాయింట్‌మెంట్‌కు టెక్నీషియన్ రాకపోతే 10 యూరోలు, లేదా నెల బిల్లులో 20 శాతం, ఏది ఎక్కువైతే అది అడగొచ్చు. అడిగితేనే ఇస్తారు సుమా.

లైన్ వచ్చేదాకా పూట గడవడానికి మొబైల్ డేటా ఇమ్మని కంపెనీనే అడగండి; కొన్ని ఇస్తాయి. ఫోన్లో విన్న తేదీని నమ్ముకోకుండా ఇ-మెయిల్‌లో తెప్పించుకోండి. కంపెనీతో తేలకపోతే టెలికాం నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్స్‌అగెంటూర్ మధ్యవర్తిత్వ విభాగానికి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు. అక్కడ అక్కరకొచ్చేది ఆ ఇ-మెయిలే.