మొద్దుబారిన గొలుసు

చెరువు లోపల కంప కొట్టే పని జరుగుతోంది. ఒక పిల్లవాడు కోత మిషను పట్టినాడు. నలుగురు ఆడవాళ్ళు కొమ్మలు లాగి మోపులు కడుతున్నారు. పొద్దెక్కింది. మిషను అరుస్తోంది గానీ కట్టె తెగడం లేదు. పిల్లవాడు బలమంతా పెట్టి నొక్కుతున్నాడు. పొగ వాసన వస్తోంది.

వాళ్ళలో పెద్దామె కింద రాలిన పొట్టును చేతిలోకి తీసుకుంది. పిండిలాగా ఉంది.

"నిలుపప్పా! పొద్దున పెద్ద పెద్ద పలుకులు రాలినాయి. ఇప్పుడు పిండి రాలుతోంది. గొలుసు మొద్దుబారింది" అన్నది.

ఆమె మిషను ఎన్నడూ పట్టలేదు. కానీ కొడవలి సంగతి ఆమెకు తెలుసు. పదును పోయిన కొడవలితో కోస్తే చేయి తెగుతుంది.

మిషనులో కట్టెను కోసేది గొలుసు పళ్ళే. ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి కోస్తుంది. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత పనివాడు 1946లో ఒక మొద్దులో పురుగును చూసినాడు. అది ఎడమకూ కుడికీ కొరుకుతూ చేవలోకి పోతోంది. దాన్ని చూసి ఇట్లాంటి పళ్ళ గొలుసు తయారుచేసినాడు. పురుగు దగ్గర పాఠం నేర్చుకున్నాడన్న మాట!

గొలుసు ఎందుకు చెడింది? కంప చెట్టు మొదలు నుంచే గుబురుగా చీలుతుంది. చెరువులో దాని మొదట్లో ఒండ్రు, గులకరాళ్ళు పేరుకుంటాయి. తిరిగే గొలుసు ఒక్క రాయికి తగిలినా చాలు, పళ్ళ అంచులు పోతాయి. అందుకే ముందు పారతో మొదలు చుట్టూ మట్టి తీయాలి. ఆ పొద్దు ఎవరూ తీయలేదు. తొందర!

పిల్లవాడు మిషను ఆపినాడు. అది చల్లారే దాకా కూర్చున్నాడు. తర్వాత గుండ్రటి ఆకురాయి తీసినాడు. ప్రతి పన్నునూ లోపలి నుంచి బయటికి, ఒకే వైపుకు రుద్దినాడు. ఒక పన్నుకు మూడుసార్లు రుద్దితే అన్నిటికీ మూడుసార్లే. లేకపోతే కోత వంకర పోతుంది. ఒక లంకె దగ్గర బీట కనిపించింది. ఆ గొలుసును తీసి పక్కన పెట్టి, వేరే గొలుసు వేసినాడు. బీట పడిన గొలుసు తెగితే దాని ముక్క తూటాలాగా ఎగురుతుంది. ఆ ముక్క మిషను పట్టినవాడికే తగులుతుందని లేదు. గొలుసు తిరిగే వరసలో నిలబడిన వాళ్ళకూ తగలొచ్చు.

ఇంకొక ప్రమాదం ఉంది. గొలుసు తిరిగే పట్టీ కొసను గట్టి కొమ్మకు తగిలిస్తే మిషను ఎగదన్ని ముఖం మీదికి వస్తుంది. రెప్ప వేసేంత సేపు కూడా పట్టదు. అందుకే భుజం కంటే ఎత్తులో కోయరాదు. పిడి దగ్గర గొలుసును ఆపే బ్రేకు ఉంటుంది. అది చెడిపోతే ఆ మిషనును ముట్టరాదు. లుంగీ, చెప్పులతో కోయడం మన దగ్గర మామూలే. కానీ అది ధైర్యం కాదు.

ఆడవాళ్ళు కొంగు నడుముకు దోపుకున్నారు. చెట్టు పడేటప్పుడు దాని ఎత్తుకు రెండింతల దూరం పోయి నిలబడినారు. మిషను ఆగినాకే కొమ్మల దగ్గరికి వచ్చినారు.

"ఇంత సేపు పని ఆగితే కూలి ఎవరిస్తారు?" అని మేస్త్రీ గొణిగినాడు.

"కాలు తెగితే ఎవరిస్తారు?" అన్నది పెద్దామె.

మేస్త్రీ మాట్లాడలేదు. పారను మాత్రం ఆమె వైపు జరిపినాడు. ఆమె తరువాతి చెట్టు మొదట్లో మట్టి తీయడం మొదలుపెట్టింది.