పిడికెడు బియ్యం తీసిపెట్టు, రాజేషూ

చిరంజీవి రాజేషుకు,

మిరపతోటంతా తామర పురుగు పాలైందని, కౌలు బాకీ, మందుల కొట్టు బాకీ మీదికొచ్చాయని రాశావు. ఇంత కష్టంలో ఆనందించమని ప్రసంగం చెబుతుంటే గుడిలో కూర్చోబుద్ధి కావడం లేదన్నావు. నీ బాధ నాకర్థమైంది.

ఫిలిప్పీ పత్రిక మళ్లీ ఒకసారి తెరువు, నాయనా. ఆనందించమని రాసిన పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. వదులుతారో, చంపుతారో తెలియదు. అదే పత్రికలో, జబ్బుపడి చావుదాకా వెళ్లిన తన తోటి పనివాడు ఎపఫ్రొదితు దక్కకపోయి ఉంటే తనకు ఇంకెంత దుఃఖమయ్యేదో కూడా దాచుకోకుండా రాశాడు. ఆనందించమన్నవాడే ఏడవడానికి సిగ్గుపడలేదు. నువ్వూ ఏడువు. మొహాన నవ్వు పులుముకుని గుడికి రమ్మని ఎవరూ అడగరు. విశ్వాసం చాలకే ఈ నష్టం వచ్చిందని ఎవరైనా అంటే ఆ మాట చెవిన పెట్టకు. యోబు స్నేహితులు అలాగే మాట్లాడి దేవుడి చేత చీవాట్లు తిన్నారు.

ఆ ఎపఫ్రొదితు పౌలు దగ్గరికి వట్టిచేతులతో రాలేదు. ఫిలిప్పీ సంఘం పోగుచేసిన సాయం తెచ్చాడు. నేను చెప్పదలచింది ఇదే. మన సంతోషం ఒంటరిగా మూలన కూర్చుంటే దొరికేది కాదు, పదిమందితో పంచుకున్నచోట పుడుతుంది.

మన దోర్నకల్లు సంగతే చూడు. తిరునెల్వేలి నుంచి అజరయ్య గారు 1909లో ఇక్కడికొచ్చారు. 1912లో బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఏపూటకాపూట వెతుక్కునేవాళ్లు. ఆ తల్లులు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేవారు. అది దేవుడి పాలు. ఆదివారం డబ్బా గుడికి చేరేది. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్లు పెద్దగుడి, మండపపు స్తంభాలూ మీనార్లూ కలిసిన ఆ కట్టడం, అలాంటి బీదల సంఘానిదే. పిడికెడు తీసిపెట్టే మనిషికి తాను వట్టి దరిద్రురాలిని కాననీ, తన చేతిలోనూ ఇవ్వడానికి ఒకటుందనీ తెలుస్తుంది. ఆ తెలివిడిలో ఉన్న ధైర్యం సామాన్యమైనది కాదు.

అలాంటి ధైర్యాన్ని నేను కళ్లారా చూశాను. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన రోజులు నీకు గుర్తే. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. పునరావాస కేంద్రంలో మా పక్కన ఒకామె ఉండేది. ఇల్లు నీళ్లలో ఉంది, పత్తి చేను ఏమైందో తెలియదు. పొద్దున్నే లేచి అందరి పిల్లలకూ గంజి పోసేది. రాత్రి కరెంటు లేని వేళ కీర్తన ఎత్తుకునేది, మధ్యలో గొంతు పూడుకుపోతే మిగతావాళ్లం అందుకునేవాళ్లం. ఆమె కళ్లలో నీళ్లు ఉండగానే ఆ పాటలో సంతోషం ఉంది. అది నటన కాదని పక్కనున్న నాకు తెలుసు.

ఇక నువ్వు చేయవలసినవి. బాకీలన్నీ ఒక నోటుబుక్కులో రాసి, కోడలి ముందు పెట్టు. ఆమెకు తెలియని అప్పు ఒక్కటీ ఉండకూడదు. అప్పు తీర్చడానికి ఇంకో వడ్డీ అప్పు తేకు. వచ్చే ఏడు మొత్తం మిరపే వేస్తానని పంతం పట్టకు. మిగిలిన పురుగుమందు డబ్బాలు ఈరోజే ఇంట్లోంచి తీసి మీ మామకు అప్పజెప్పు. రాత్రుళ్లు చెడ్డ ఆలోచనలు వస్తే వెంటనే నన్ను లేపు, లేదా 14416కు ఫోను చెయ్యి. అది ప్రభుత్వం పెట్టిందే, తెలుగులో మాట్లాడతారు. సాయం అడగడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. పౌలు కూడా పుచ్చుకున్నాడు.

మీ ఇంట్లో కూడా పొయ్యి దగ్గర ఒక డబ్బా పెట్టండి. పెద్దదక్కర్లేదు. ఈ ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. నువ్వూ, కోడలూ, పాపా ముగ్గురూ రండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

మీ మేనత్త