పిల్లల వస్తువులు పిల్లల చేతే ఇప్పించండి

కోతలైపోయి ధాన్యం ఇల్లు చేరాక, పుష్య పౌర్ణమి నాడు ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో ఛేర్‌ఛేరా జరుపుకుంటారు. పిల్లలు సంచులు, బుట్టలు పట్టుకుని గుంపులుగా ఇంటింటికీ తిరిగి కొత్త ధాన్యం అడుగుతారు. ఆ రోజు ఎవరినీ ఉత్త చేతులతో పంపరు. మన సంక్రాంతి కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే. 2025లోనైతే ఛేర్‌ఛేరా, భోగి రెండూ జనవరి 13నే వచ్చాయి. ఒకటి ఇచ్చే పండుగ, ఒకటి పాతదాన్ని వదిలించుకునే పండుగ. రాయ్‌పూర్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లకు ఈ రెండూ సొంతమే. ఇంట్లో అక్కర్లేని సామాను తగ్గించే పని పిల్లలకు అలవాటు చేయడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు.

మనలో చాలామంది చేసేది వేరు. పిల్లలు బడికి వెళ్లగానే వాళ్ల అర దులిపి, పాత బొమ్మలూ పుస్తకాలూ గోనెసంచిలో కుక్కి కబాడీవాలాకు వేసేస్తాం. ఇల్లు శుభ్రపడుతుంది. పిల్లవాడికి మాత్రం తనవనుకున్నవి చెప్పాపెట్టకుండా మాయమైపోతాయని అర్థమవుతుంది. ఆ తర్వాత విరిగిన పెన్సిలు ముక్క కూడా దిండు కింద దాచుకుంటే తప్పు వాడిది కాదు.

ఒక చక్రం ఊడిన కారు మీ కంటికి చెత్త. మంచం కోడు దగ్గర ఆపి రోజూ దానికి పెట్రోలు పోయించే పిల్లవాడికి అది నడుస్తున్న బండే. మీరు రెండువేలు పోసి కొన్న రిమోట్ హెలికాప్టర్‌ను వాడు ఏడాదిగా ముట్టుకోలేదు. అయినా ఖరీదు గుర్తొచ్చి దాన్ని ఉంచేది మీరే, కారును పారేసేదీ మీరే. ఏది ఉండాలో ఏది పోవాలో వాళ్లనే అడగండి.

ఇల్లంతా ఒకేరోజు పెట్టుకోకండి, ఒక్క అర చాలు. “పారేద్దామా?” అంటే ఏ పిల్లలైనా వద్దనే అంటారు. “ఇది ఎవరికిద్దాం?” అని అడిగి చూడండి, ఆలోచిస్తారు. ఎటూ తేల్చుకోలేనివి సంచిలో వేసి, పైన తేదీ రాసి అటకెక్కించండి. ఎండాకాలం సెలవుల దాకా వాటి ఊసెత్తకపోతే అప్పుడు మళ్లీ అడగొచ్చు.

ఇచ్చేది బంధువుల పిల్లలకు ఇస్తున్నట్టే ఇవ్వాలి. స్వెటర్ ఉతికి, ఊడిన గుండీ కుట్టి, మడత పెట్టి ఇవ్వండి. చిరిగిపోయింది దానం కాదు, దాన్ని ఇల్లు తుడిచే గుడ్డ చేసుకోండి. పనిచేసే అమ్మాయి కొడుక్కి ఇస్తుంటే మీ పిల్లల ముందు ఆ అబ్బాయిని నిలబెట్టి ఫోటో తీయకండి. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే వీధిలో తిరగాల్సినవాళ్లు. పాఠ్యపుస్తకాలు ఇచ్చేముందు ఏ ఏటివో చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో 3, 6 తరగతులకు, 2025లో 4, 5, 7, 8 తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. అంతకుముందువి ఆ తరగతుల పిల్లలకు పనికిరావు, కాగితాల కింద వేసేయండి. కథల పుస్తకాలకు ఆ చిక్కు లేదు. 2023 మేలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ పిలుపు మీద దేశమంతటా నగరపాలికలు పాత బట్టలు, బొమ్మలు, పుస్తకాలు తీసుకునే కేంద్రాలు తెరిచాయి. మీ వార్డుకు దగ్గర్లో అలాంటిది నడుస్తోందేమో జోన్ ఆఫీసులో కనుక్కోండి.

భోగిమంటలో మాత్రం ప్లాస్టిక్ బొమ్మలు, నైలాన్ బట్టలు వేయకండి, వేయనివ్వకండి. ఉర్లా, సిల్‌తరా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల మసి ఈ ఊరికి చాలు. బొమ్మల్లోని సెల్‌లు తీసి, తడిచెత్తలో కలపకుండా విడిగా పెట్టండి.

ఇక మన అటక సంగతి. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఆ దారిన ఎన్నో ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇటొచ్చాయి. వాళ్లతో వచ్చిన ఇత్తడి బిందె, ఆవకాయ జాడీ ఉంటే ఉంచుకోండి, వాటి కథ పిల్లలకు చెప్పండి. కానీ కిందటి ట్రాన్స్‌ఫర్‌లో కట్టిన తాడు ఇంకా విప్పని అట్టపెట్టెలు, కాలిపోయిన మిక్సీ, మూతల్లేని టిఫిన్ డబ్బాలు ఎందుకు? పిల్లవాడి బొమ్మల మీద తీర్పు చెప్పేముందు ఆ పెట్టెల్లో ఒకటి వాడి ఎదుటే విప్పండి. మీకు వదలబుద్ధి కానిది ఏదో, ఎందుకో పైకి చెప్పండి. వాడు వింటాడు.

ఇవ్వడానికి వెళ్లినప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్లి, వస్తువు వాడి చేతే ఇప్పించండి. తీరా గుమ్మం దాటే వేళకు “నేనివ్వను” అన్నాడనుకోండి, కోప్పడకండి, బతిమాలకండి. ఆ ఒక్కటీ తిరిగి అరలో పెట్టుకోనివ్వండి.