అమ్మడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా?

న్యూజెర్సీలో పుట్టి పెరిగిన అమ్మాయి. కాలేజీ చదువు అయిపోయింది, ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. ఈలోగా నాన్న పుట్టిన కృష్ణపట్నంలో ఒక నెల ఉండి వస్తానని పెదనాయనకు వాట్సాప్‌లో మెసేజి పెట్టింది. ఆయన ఉండేది పక్కనే ముత్తుకూరులో. ఉప్పు మళ్లలో పని మొదలుపెట్టి, రొయ్యల గుంటలు చేసి, ఇప్పుడు అన్నీ కొడుకుకు అప్పగించి కూర్చున్న మనిషి. సరేనని బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోలేదు. కాగితం మీద రెండు వైపులా రాసి, మనవడి చేత ఫొటో తీయించి పంపారు. "చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీర్వచనాలు. ఇక్కడ అందరం క్షేమం" అని పాత వరసలోనే మొదలుపెట్టి, ఆ వెంటనే అసలు సంగతికి వచ్చేశారు: "నువ్వు దిగిన రోజు నుంచి ఊళ్లో అందరూ ఒకటే అడుగుతారు, అమ్మడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా అని. కోపం తెచ్చుకోబాకు."

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 2008లో పోర్టు మొదలైంది. పక్కన నేలటూరులో జెన్‌కో వాళ్ల దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం 2015లో రెండు 800 మెగావాట్ల యూనిట్లతో నిలబడింది, 2022లో మూడోది తోడైంది. 2020లో పోర్టులో ముప్పాతిక వాటా, మరుసటి ఏడాది మిగతాదీ అదానీ చేతికి వెళ్లాయి. ఈ మధ్యలో ఎన్ని ఎకరాలు చేతులు మారాయో, ఎన్ని కుటుంబాలు కొత్త కాలనీలకు సామాను మోసుకున్నాయో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. విదేశం నుంచి బంధువు దిగాడంటే రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టడానికేనని ఇక్కడివాళ్ల లెక్క. చాలాసార్లు ఆ లెక్క తప్పలేదు కూడా.

పెద్దాయన ఇచ్చిన మొదటి సలహా వింటే అమ్మాయి తండ్రికి కష్టంగానే ఉంటుంది: మొదటిసారి నాన్నను వెంట తీసుకురావద్దు. తమ్ముడు ఊరు వదిలింది తొంభైల చివర్లో, కంప్యూటర్ ఉద్యోగాల వాన కురుస్తున్న రోజుల్లో. ఆయన చెప్పే కృష్ణపట్నంలో కండలేరు మొగలో పీతలు పట్టడం, బకింగ్‌హాం కాలువ గట్టు మీద సైకిలు తొక్కడం, ఎండకు మెరిసే ఉప్పు కుప్పలు ఉంటాయి. ఇప్పుడు వచ్చే మనిషికి ముందు కనిపించేవి బొగ్గు లారీలు, పొగ గొట్టాలు, క్రేన్లు. వెంట ఉంటే ప్రతి మలుపులో కారాపి, ఇక్కడ అది ఉండేది, అక్కడ ఇది ఉండేది అని లేనివాటినే చూపిస్తాడని అన్నగారి భయం. ఆ చూపించడంలో పడి, ఉన్న మనుషులతో అమ్మాయి మాట్లాడలేకపోతుంది. పోర్టు గేటు దగ్గర టీ అమ్మే ఒడియా కుర్రాడికి కూడా ఇది ఊరే, వాడినీ పలకరించాలి అని రాశారు.

ఈ తీరం ఎప్పుడూ వచ్చేపోయేవాళ్లదే. తెలుగు చోడుల కాలపు శాసనాల్లో ఈ రేవు పేరు కొల్లితురై, మరో పేరు గండగోపాలపట్టణం. తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న పదమూడో శతాబ్దంలోనే ఇక్కడ వర్తకుల రాకపోకలున్నాయి. నెల్లూరు దక్షిణ తీరంలో వల వేసే పట్టపు వాళ్ల మాటలో ఇప్పటికీ తమిళం వినిపిస్తుంది. వాళ్ల కంటే, అందరి కంటే ముందు నుంచీ ఉన్న యానాదులకు ఈ కాలువల లోతులు అరచేతి గీతల్లా తెలుసు, పట్టా భూమి మాత్రం చాలామందికి లేదు. అసలు నెల్లూరోళ్లెవరని ఆరా తీయబోతే మొదట చిక్కులో పడేది తమ ఇల్లేనని పెద్దాయన ఒక నవ్వు విసిరారు. ఇంటర్నెట్‌లో ఊరి పేరు కొడితే వచ్చేది మాత్రం 2021 మే నెల, కరోనాకు ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం బారులు కట్టిన జనం. అది చూసి రావద్దట.

ఎప్పుడు రావాలన్నది ఆయన బాగా ఆలోచించారు. సంక్రాంతికి వద్దు, అప్పుడు ఊరంతా చుట్టాలు, ఎవరికీ తీరిక ఉండదు. జూన్ మొదట్లో వస్తే మేలు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, కబుర్లకు దొరుకుతారు. 2026లో మొహర్రం కూడా జూన్ నెలాఖరుకే వస్తోంది కాబట్టి రొట్టెల పండగ కలిసొస్తుంది.

ఉత్తరంలో ఎక్కువ చోటు ఈ పండగకే పోయింది, అది న్యాయమే. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది. ఆ పండగ రోజుల్లో ఆడవాళ్లు, మగవాళ్లు చెరువు నీళ్లలో దిగి నిలబడతారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఉండదు. చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె. "పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుందమ్మా? ఉద్యోగం రొట్టె? సంతానం రొట్టె?" అని కేకలు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు. అది తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె చేసి తెచ్చి, అడిగినవాళ్లకు ఇస్తారు. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగ చేసింది. ఆ కేకల్లో విదేశీ రొట్టె కూడా ఉంది, వీసా రావాలనుకునేవాళ్లు పుచ్చుకునేది.

అమ్మాయి జేజి ఒక ఏడాది ఆ రొట్టె పుచ్చుకుంది. మరుసటేడు, కొడుకు అమెరికాలో ఉండగా, పొద్దున్నే లేచి గోధుమ పిండి తడిపి, రొట్టెలు కాల్చి, బస్సెక్కి నెల్లూరు వెళ్లి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లవాడికి ఇచ్చి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. కోరిక తీరితే ఏడుపెందుకని పెద్ద కొడుకు అడిగితే, నీళ్లలో కాళ్లు నానాయి నాయనా, నొప్పులు అందట. ఇంట్లో ఈ సంగతి తెలిసింది పెదనాయన ఒక్కరికే. తమ్ముడికి ఇప్పటిదాకా చెప్పలేదు. తను పుట్టిన ఊరు తనను పంపేసిందా, తనే వదిలిపోయాడా అని ఆ తమ్ముడు అప్పుడప్పుడూ ఫోన్లో మథనపడుతుంటాడు గనక, జవాబు అమ్మాయి చెవిన పడితే మంచిదనుకున్నారు.

బయటి ఉదాహరణలూ రాశారు. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం పెట్టుకున్న నీనా దావులూరి పసిబిడ్డగా రెండేళ్లకు పైగా విజయవాడలో అమ్మమ్మ ఇంట్లో పెరిగింది, ఆ తర్వాత కూడా వేసవుల్లో వచ్చి కూచిపూడి నేర్చుకుంది. గెలిచిన రాత్రి అక్కడ కొందరు ఆమెను పరాయిదని తిట్టారు. ఇక్కడ కొందరు ఆ ఒంటి రంగుతో మన దేశంలో అయితే గెలిచేదా అని చర్చించారు. మన చుట్టాల్లోనూ ఒకరిద్దరు రంగు మాట, పెళ్లి మాట తప్పకుండా తెస్తారు. నవ్వి ఊరుకోనక్కర్లేదు, నచ్చలేదని మొహం మీదే చెప్పవచ్చు, పెదనాయన వెనకే ఉంటాడు అన్నది ఆయన హామీ. ఇక అమెరికా ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ 2025 ఏప్రిల్‌లో భర్తతో, పిల్లలతో వచ్చి ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసి వెళ్లారు. ఆంధ్ర దారి పట్టలేదు. వాళ్ల తాతగారి సోదరుడి భార్య చిలుకూరి శాంతమ్మగారు విశాఖలో ఉంటారు, తొంభై దాటాక కూడా బస్సెక్కి విజయనగరం వెళ్లి ఫిజిక్స్ పాఠం చెప్పిన మనిషి. ఆ హోదాకు ఉండే కట్టుబాట్లు వేరే, తప్పు పట్టలేం. తాజ్‌మహల్ చూడ్డానికి మాత్రం బంధుత్వం అక్కర్లేదు.

మారిషస్ తెలుగువాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. కోరంగి వంటి రేవుల్లో ఓడెక్కి చెరకు తోటలకు పోయినవాళ్ల సంతతి వాళ్లు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. అయితే పూర్వీకుల ఊరు తెలుసుకోవాలంటే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రికార్డులు తిరగేయాలి. వలసపోయినవాళ్ల మూలాలు వెతికిపెట్టడానికి భారత ప్రభుత్వం 2008లో ఒక పథకమే పెట్టింది. ఈ అమ్మాయికి ఆ తిప్పలు లేవు. ఏ పేరైనా, ఏ వరసైనా ఇద్దరు మేనత్తలు చెప్పేస్తారు. కాకపోతే వాళ్లిద్దరికీ పడదు. విడివిడిగా అడగాలి.

భాష గురించి ఒక్క మాటే. అమెరికాలో మనబడి తరగతుల్లో నేర్చుకున్న తెలుగు చక్కగా ఉంది, దాన్ని ఇక్కడి యాసకు దిద్దుకోనక్కర్లేదు. తప్పు మాట్లాడితే పిల్లలు నవ్వుతారు, ఆ పిల్లలతోనే స్నేహం కుదురుతుంది.

గుంటల దగ్గరికి ఒక తెల్లవారుజామున రమ్మన్నారు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి, చెక్‌ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి రొయ్య ఆరోగ్యం చెబుతారు. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నది, ధరంతా దాన్ని బట్టే. ఆ సరుకులో పెద్ద భాగం పోయేది అమెరికాకే. 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ రేట్లు పడిపోయి, పంట తీయాలా వద్దా అని రైతులు రాత్రిళ్లు గట్ల మీదే కూర్చున్నారు. న్యూజెర్సీ సూపర్‌మార్కెట్‌లో రొయ్యల ప్యాకెట్ వెనక ఏ దేశం పేరుందో చూసి రావాలని ఆయన అడిగారు, ధర కూడా రాసుకుని తేవాలట.

చాక్లెట్లు తేవద్దు. చెన్నైలో దిగి, నెల్లూరుకు రైలెక్కితే మేలు. మొదటి వారం అందరూ చేపల పులుసు పెట్టి కూర్చోబెడతారు. రెండో వారం నుంచి చెంబు అందించు, పిల్లాణ్ని ఎత్తుకో అంటారు, అప్పటిదాకా ఉండాలి. చివర్లో భూమి సంగతి. నాన్న వాటా రెండెకరాలు పాసు పుస్తకంలో ఉంది. భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇంతకు మించి ఆమెకు ఇప్పుడు తెలియక్కర్లేదు. "బ్రోకర్లు ఫోన్ నంబరు అడుగుతారు, ఇవ్వబాకు. అమ్మడానికొచ్చావా అంటే, మా పెదనాయన్ని అడగండి అను. మిగతాది నేను చూసుకుంటా."