ఉప్పునీటి తొట్టియందు తనంతట నీరు మారు విధము

మన అనంతపురము సముద్రమునకు బహుదూరమున నున్న మెట్టసీమ. ఇచ్చట సాలుకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. ఇట్టి చోట మా విజ్ఞానశాస్త్రపు గదిలో నూరు లీటర్ల ఉప్పునీటి తొట్టి నమర్చి, అందు రెండు చిన్న సముద్రపు చేపలను పెంచుచున్నాము. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, “అయ్యవారూ, మా వీధి కొళాయికి నీరు రాని దినమున గూడ ఈ చేపలకు నీరు మార్చవలెనా?” అని యడిగెను. ఆ ప్రశ్నయే ఈ పాఠమునకు మూలము.

మొదట, నీరు మార్చుట యేల? మిగిలిన మేతయు, చేపల విసర్జనమును నీటిలో అమ్మోనియాను పుట్టించును. అది విషము. రాళ్ల నాశ్రయించిన సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. నైట్రేటు అంత ఉగ్రమైనది కాకున్నను దినదినము పేరుకొనును. కావున పాతనీటిని కొంత తీసి, క్రొత్తనీటిని పోయవలసియున్నది.

ఇట్టి జీవులను ఇంట పెంచుట పూర్వము మిక్కిలి శ్రమతో కూడిన పని. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి పగడపు జాతి జీవులను లండనునకు తెచ్చెను. నీటికి గాలి తగులుటకై ఆమె పనికత్తె కిటికీ యొద్ద నిలిచి, దానిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయుచుండెడిది. నేడు అట్టి సేవను యంత్రము చేయగలదు.

ఒకే మోటారుతో తిరుగు రెండు గొట్టముల పంపు మా తొట్టికి కలదు. చక్రపు రోలర్లు మెత్తని గొట్టములను నొక్కుచు నీటిని ముందునకు త్రోయును. ఒక గొట్టము పాతనీటిని వెలుపలి డబ్బాలోనికి తీయును; రెండవది పీపాలోని క్రొత్త ఉప్పునీటిని అంతే కొలతతో లోనికి పంపును. టైమరు దినమునకు ఒక లీటరు మార్చునట్లు ఏర్పరచితిమి. రెండు గొట్టముల కొనలును తొట్టికి చెరియొక ప్రక్కన నుండవలెను. లేనియెడల వచ్చిన క్రొత్తనీరే వెంటనే వెలుపలికి పోవును.

ఇక లెక్క చూడుడు. క్రొత్తగా పుట్టు నైట్రేటును విడిచి లెక్కించిన, ఒకేసారి 30 లీటర్లు మార్చినచో పాత నైట్రేటు నూటికి 70 పాళ్లు మిగులును. దినమున కొక లీటరు చొప్పున 30 దినములు మార్చినచో 74 పాళ్లు మిగులును. నష్టము నాలుగు పాళ్లే. లాభమో, వేడిమియందును లవణమునందును చేపలకు ఆకస్మికమైన మార్పు తగులదు.

అయితే ఒక జాగ్రత్త ముఖ్యము. ఎండకు ఆవిరియగునది నీరే గాని ఉప్పు కాదు. ఈ సంగతి మరచి మేము మొదటి వేసవిలో ఉప్పునీటినే పోసి తొట్టిని నింపితిమి. హైడ్రోమీటరు మా తప్పును చూపెను. ఇప్పుడు మట్టము తగ్గగనే మంచినీటిని వదలు స్విచ్చి కలదు. ఇందును ఒక చిక్కు గలదు. ఒక గొట్టము వెయ్యి మిల్లీలీటర్లు తీయుచుండగా, అరిగిన రెండవ గొట్టము 950 మాత్రమే యిచ్చినచో, లోటును స్విచ్చి మంచినీటితో నింపును. లీటరునకు 35 గ్రాముల వంతున, మొదట దినమునకు ఒకటి ముప్పాతిక గ్రాముల ఉప్పు తగ్గును. నూరు దినములలో అది ఇంచుమించు 110 గ్రాములు, అనగా తొట్టిలోని ఉప్పులో సుమారు ముప్పదిరెండవ వంతు! కావున నెలకొకమారు రెండు గొట్టముల నీటిని కొలపాత్రలో పట్టి సరిచూడవలెను. మరియు పీపాలోని నీరంతయు ఒక్కసారి వచ్చినను తొట్టి పొర్లకుండునంత చిన్న పీపానే వాడవలెను.

మన బోరునీటియందు లవణములు మెండు. పలుగ్రామములలో ఫ్లోరైడును కలదు. శుద్ధిచేయు యంత్రము ఒక లీటరు నిచ్చుటకు మూడు నాలుగు లీటర్లు వెలుపలికి విడుచుట కలదు. అందుచే తొలివానను విడిచి, పిదప మిద్దెనుండి జారు వాననీటిని వడియగట్టి, మూతగల తొట్లలో దాచుచున్నాము. దానిలో సముద్రలవణపు పొడిని కలుపుదుము. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. యంత్రమే వాడవలసివచ్చిన, అది విడిచిన నీటితో గచ్చు కడుగుదుము.

తీసిన పాతనీటిని చెట్లకు పోయరాదు. దినమున కొక లీటరనగా నెలకు కిలోకు మించిన ఉప్పు. అది మన నేలను చెరచును. వెడల్పు పళ్లెములలో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును సంచిలో కట్టి వేరుగా నుంచుచున్నాము.

ఇక ఆ బాలికకు మే మిచ్చిన యుత్తరము: “అమ్మా, మార్చనక్కరలేదు. కరవు దినములలో పంపు నాపి, మేత తగ్గించి, ఆవిరియైన నీటిని మాత్రము వాననీటితో నింపుదము. రెండే చేపలు గనుక కొన్ని వారములు ఓర్చగలవు. మనుష్యుల కుండ నిండిన పిదపనే చేపల పీపా.”

అప్పటినుండి ఆ బాలికయే పీపా మట్టమును ప్రతిదినము గుర్తించి పలకపై వ్రాయుచున్నది. విద్యార్థులారా, దేవుడు మన వశమున నుంచిన ప్రాణులను ప్రేమించుట మంచిదే. కాని వాటికి పోయు ప్రతి లీటరునకు లెక్క చెప్పగలవాడే వాటిని పెంచుటకు అర్హుడు.